తమ్ముడికి ఓసీడీ అన్నారు: మందులా, థెరపీయా? థెరపీ అయితే ఏది?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి 24 ఏళ్ళు. ఏడాదిన్నరగా చేతులు కడగడం పెరిగిపోయింది, ఇప్పుడు స్నానానికే రెండు గంటలు పడుతోంది. ఉద్యోగం మానేశాడు. ఒక డాక్టరు డిప్రెషన్ అన్నారు, ఇంకొకరు ఓసీడీ (వద్దన్నా పదే పదే వచ్చే ఆలోచనలు, వాటిని తట్టుకోలేక ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయడం) అన్నారు, బంధువులేమో పనీపాటా లేక పట్టుకున్న చాదస్తం అంటున్నారు. ఈ జబ్బుల మధ్య తేడా ఏమిటి, ఏ థెరపీ దేనికి పనికొస్తుంది, మందులు మొదలుపెడితే జీవితాంతం మింగాల్సిందేనా అని అడిగారు. ఆఖర్న ఒక్క వాక్యం రాశారు: "రోజుకు ముప్ఫై నలభై సార్లు 'అక్కా, నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి కదా' అని అడుగుతాడు, ఉన్నాయిరా అని చెప్తూనే ఉన్నాను." మీరు దాన్ని మామూలుగా రాసేశారు. నా జవాబు మాత్రం తిరిగి తిరిగి ఆ వాక్యం దగ్గరికే వస్తుంది.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. 22 ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. అందులో ఎక్కువ కాలం ఓసీడీ, పానిక్ (హఠాత్తుగా ముంచుకొచ్చే తీవ్రమైన భయం) ఉన్నవాళ్ళతోనే గడిచింది. మనిషిని చూడకుండా జబ్బు ఫలానా అని తేల్చడం తప్పు, ఆ పని నేను చేయను. కానీ మీరు చెప్పిన తీరు చూస్తే రెండో డాక్టరు గారి మాటే సరైనదనిపిస్తోంది. అలాగని మొదటి డాక్టరు గారిది పొరపాటు అని కూడా అనలేను.

షుగరు ఉందో లేదో రక్త పరీక్షలో తెలిసిపోతుంది. ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రేలో కనిపిస్తుంది. మానసిక రుగ్మతలను నిర్ధారించే అలాంటి పరీక్ష ఇప్పటికీ లేదు. సైకియాట్రిస్టు థైరాయిడ్, బీ12 పరీక్షలు రాస్తారు, నిజమే. అవి డిప్రెషన్‌ను చూపించడానికి కాదు, ఆ లోపాలే డిప్రెషన్ వేషంలో వచ్చాయేమో చూడ్డానికి. మిగతాదంతా మాటల్లోంచే తెలుసుకోవాలి. ఏ లక్షణాలున్నాయి, ఎంతకాలంగా ఉన్నాయి, బతుకును ఎంత దెబ్బతీస్తున్నాయి, ఈ మూడే కొలతలు. డాక్టర్లు చూసుకునే ప్రామాణిక గ్రంథాలు రెండున్నాయి. ఒకటి అమెరికన్ సైకియాట్రిస్టుల సంఘం తెచ్చే డీఎస్ఎం, దాని ఐదో కూర్పు 2013లో వచ్చింది. రెండోది ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చే ఐసీడీ, దాని పదకొండో కూర్పు 2022 నుంచి అమల్లో ఉంది. డీఎస్ఎం ప్రకారం డిప్రెషన్ అనాలంటే తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ ఉండాలి. ఆ ఐదింట్లో దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ తప్పకుండా ఉండాలి. ఓసీడీ అనాలంటే ఆ ఆలోచనలూ, ఆ పనులూ రోజుకు గంటకు పైగా తినేయాలి, లేదా మనిషి బతుకును గట్టిగా దెబ్బతీయాలి. మీ తమ్ముడికి స్నానమొక్కటే రెండు గంటలు.

మరి ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లు ఎందుకు చెప్పారు? రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు కాబట్టి. ఉద్యోగం పోయి, స్నేహితులు దూరమై, చర్మం పగిలిపోయేలా చేతులు రుద్దుకుంటూ నెలల తరబడి బతికే మనిషికి దిగులు రాకుండా ఎలా ఉంటుంది? ఓసీడీ మీద డిప్రెషన్ రావడం గోరుచుట్టు మీద రోకటిపోటు లాంటిది, అది చాలా తరచుగా జరుగుతుంది. పైగా ఓసీడీ ఉన్నవాళ్ళు సిగ్గుతో దాస్తారు. "నిద్ర లేదు, ఏదీ చేయబుద్ధి కావడం లేదు" అని డాక్టరుకు చెప్తారు గానీ "తలుపు గడియ ముట్టుకుంటే చేతికి రోగం అంటుకుని అది మా అక్కకు వస్తుందని భయం" అని చెప్పరు. అలా చెప్తే పిచ్చి అంటారేమోనని వాళ్ళ బెంగ. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి నోరు విప్పినవాళ్ళు ఉన్నారు. మొదటి డాక్టరుకు మీ తమ్ముడు ఎంత చెప్పాడో ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి.

జబ్బు పేరు అవసరమే. కానీ చికిత్స ఎంచుకోవడానికి అంతకంటే అవసరమైన ప్రశ్న ఒకటుంది. ఇది ఎందుకు మొదలైంది అన్నది కాదు, ఇది ఎందుకు పోవడం లేదు అన్నది. నిప్పు ఎవరు పెట్టారన్నది ఒక సంగతి, రోజూ కట్టెలు ఎవరు వేస్తున్నారన్నది ఇంకో సంగతి. మొదటిదానికి జవాబు చాలాసార్లు దొరకదు. జన్యువులు కొంత, చిన్నప్పటి అనుభవాలు కొంత, అప్పటి ఒత్తిడి కొంత, అన్నీ కలగలిసి ఉంటాయి. రెండోదానికి మాత్రం జవాబు వెతికితే దొరుకుతుంది. పనిచేసే థెరపీలన్నీ ఆ కట్టెల మీదే పనిచేస్తాయి. ఒక్కో జబ్బుకు కట్టెలు వేరు కాబట్టే థెరపీలూ వేరు. "కౌన్సెలింగ్" అని అందరూ ఒకే మాట అనేయడం వల్ల ఈ తేడా మరుగున పడిపోయింది.

ఓసీడీలో కట్టెలు ఏమిటో చూద్దాం. ముందు ఒక ఆలోచన చొరబడుతుంది: చేతికి ఏదో అంటుకుంది. అలాంటి ఆలోచనలు నాకూ వస్తాయి, మీకూ వస్తాయి, వచ్చి పోతాయి. ఓసీడీ ఉన్న మనిషికి అది ప్రమాద ఘంటికలా మోగుతుంది. దాన్ని తోసేయాలని చూస్తాడు, తోసేకొద్దీ పెరుగుతుంది. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక తేలికైన ప్రయోగం చేశారు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పి, అది గుర్తొస్తే గంట కొట్టమన్నారు. వాళ్ళు కొడుతూనే ఉన్నారు. ఆ తర్వాత ఇక ఆలోచించవచ్చు అన్నప్పుడు, మొదటి నుంచీ ఆలోచించమని చెప్పిన వాళ్ళకంటే వీళ్ళకే ఎలుగుబంటి ఎక్కువగా గుర్తొచ్చింది. ఆలోచన పోవడం లేదు కాబట్టి మీ తమ్ముడు వెళ్ళి చేతులు కడుగుతాడు. హమ్మయ్య అనిపిస్తుంది. జబ్బు బతికేది ఆ హమ్మయ్య మీదే. కడగడం వల్లే గండం గడిచిందని మెదడు నేర్చుకుంటుంది. కడగకపోయినా ఏమీ అయ్యేది కాదు అని తెలుసుకునే అవకాశం దానికి ఎప్పుడూ రాదు. అందుకే పది నిమిషాల కడుగుడు అరగంట అవుతుంది, అరగంట రెండు గంటలవుతుంది.

దీనికి చేసే థెరపీని ఈఆర్‌పీ అంటారు. భయపెట్టే దాన్ని కావాలనే ఎదుర్కోవడం, ఆ తర్వాత అలవాటైన కడుగుడు చేయకుండా ఉండటం. అంతే. చెప్పడం ఎంత సులువో చేయడం అంత కష్టం. భయాన్ని కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చి పోగొట్టవచ్చని మేరీ కవర్ జోన్స్ 1924లోనే చూపించారు. కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్న పిల్లవాడు ఇష్టమైనది తింటూ ఉంటే కుందేలును రోజూ కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చారు, చివరికి వాడు దాన్ని ముద్దుచేసే దాకా వచ్చాడు. కానీ ఓసీడీకి అది ఒక్కటే సరిపోలేదు. 1966లో విక్టర్ మేయర్ అనే ఆయన, ఏ చికిత్సకూ లొంగని ఇద్దరు రోగులకు భయపెట్టే పరిస్థితిని ఎదుర్కొనేలా చేసి, ఆ వెంటనే చేసే తంతును ఆపించారు. ఇద్దరూ బాగా తేరుకున్నారు. అప్పటిదాకా ఓసీడీ దాదాపు కుదరని జబ్బు అనుకునేవారు.

ఒక సెషన్ ఎలా ఉంటుందో చెప్తాను. వివరాలు మార్చి రాస్తున్నాను. మీ తమ్ముడి వయసు అబ్బాయే. అంతకుముందు మూడు సెషన్లు కూర్చుని ఒక నిచ్చెన తయారు చేసుకున్నాం. సున్నా నుంచి వంద వరకు, ఏ పనికి ఎంత భయం అని. తన సొంత ఫోన్ ముట్టుకోవడం 20. నా గది తలుపు పిడి ముట్టుకోవడం 50. బాత్రూమ్ తలుపు పిడి 85. ఆ రోజు 50 మెట్టు. ముందు నేనే పిడిని అరచేత్తో పట్టుకుని, ఆ చెయ్యి నా ముఖానికి రాసుకున్నాను. నేను చేయనిది చేయమని ఎవరినీ అడగను. తర్వాత అతను. ముందు చూపుడు వేలి కొస ఆనించాడు. తర్వాత నాలుగు వేళ్ళు. అరచెయ్యి ఆనించేసరికి మెడ మీద చెమట. "ఇప్పుడెంత?" అంటే "70" అన్నాడు. కూర్చున్నాం. చెయ్యి ఒళ్ళో పెట్టుకోమన్నాను, గాల్లో ఎత్తి పట్టుకోవద్దన్నాను. పది నిమిషాలకు అడిగితే ఇంకా 70. "ఏమీ కాదు కదా సార్?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. "తెలియదు. తెలియకుండానే కాసేపు కూర్చుందాం" అన్నాను. ఇరవై ఐదు నిమిషాలకు 55. నలభైకి 35. సబ్బు జోలికి పోకుండా ఇంటికి వెళ్ళాడు, దారిలో ఆ చేత్తోనే ఫోన్ మాట్లాడాడు. మరుసటి వారం వచ్చి కూర్చుంటూనే "పిడి బోర్ కొడుతోంది" అన్నాడు. ఆ మాట విన్న రోజు నాకెంత ఆనందమో చెప్పలేను.

అంకె తగ్గడమే గెలుపని మాత్రం అనుకోవద్దు. కొందరికి సెషన్‌లో తగ్గదు, అయినా నెల తిరిగేసరికి బాగుపడతారు. అక్కడ నేర్చుకోవాల్సింది "భయం పోయింది" అని కాదు, "భయం ఉన్నా నేను తట్టుకోగలిగాను, నేను ఊహించిన ఘోరం జరగలేదు" అని.

ఇప్పుడు మీ ప్రశ్నలో నేను గీత గీసిన వాక్యం. "నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి కదా" అని అతను అడగడం కూడా కడుక్కోవడం లాంటిదే. మీ "ఉన్నాయిరా" అతనికి సబ్బు. ఐదు నిమిషాలు హాయి, మళ్ళీ అనుమానం, మళ్ళీ అదే ప్రశ్న. మీరు తప్పు చేశారని అనడం లేదు. కళ్ళముందు తమ్ముడు విలవిల్లాడుతుంటే ధైర్యం చెప్పని అక్క ఉండదు. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో దాదాపు అందరూ ఇదే చేస్తుంటారు: వాళ్ళ తరఫున తలుపులు తీస్తారు, బట్టలు వేరుగా ఉతుకుతారు, ఇంటికి చుట్టాలను రానివ్వరు. ప్రేమతో చేసే ఈ పనులే ఓసీడీకి మేతవుతాయి. దీన్ని ఎలా తగ్గించాలో చివర్లో చెప్తాను, ఎందుకంటే రేపటి నుంచి టక్కున ఆపేస్తే ఇల్లు రణరంగమవుతుంది.

పానిక్‌లో కట్టెలు వేరు. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. మెట్లెక్కడం వల్ల కావచ్చు, కాఫీ వల్ల కావచ్చు. మనిషి దాన్ని "గుండెపోటు" అని చదువుకుంటాడు. భయంతో ఊపిరి వేగంగా తీస్తాడు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. అది చూసి ఇంకా భయం. నిమిషాల్లో శిఖరానికి వెళ్తుంది. డేవిడ్ క్లార్క్ 1986లో ఈ వలయాన్ని గీసి చూపించారు, ఇప్పటికీ మేము రోగికి కాగితం మీద వేసి చూపించేది అదే. చికిత్సలో ఒక భాగం, గదిలో కూర్చుని ఒక నిమిషం పాటు కావాలనే వేగంగా ఊపిరి తీయడం. తిమ్మిర్లూ, తల తిరగడమూ, గుండె దడా అన్నీ వస్తాయి. "ఇదే కదా మీకు వచ్చేది?" అని అడిగితే ఆశ్చర్యంగా నావైపు చూస్తారు. ఏ భూతం వల్ల ఇన్నేళ్ళు బస్సెక్కలేదో దాన్ని ఒక్క నిమిషంలో తామే తయారు చేశారు, ఏమీ కాలేదు. ముందు ఒకసారి గుండె డాక్టరుకు చూపించి అక్కడ ఏ తేడా లేదని తేల్చుకున్నాకే ఇది చేయాలి.

డిప్రెషన్‌లో కట్టెలు రెండు రకాలు. ఒకటి ఆలోచనల్లో ఉంటుంది. ఆరన్ బెక్ మొదట ఫ్రాయిడ్ సంప్రదాయంలో శిక్షణ పొందిన సైకియాట్రిస్టు. 1960లలో తన రోగుల మాటలు వింటూ ఆయన ఒకటి గమనించారు. వాళ్ళ తలలో తమ గురించి, లోకం గురించి, రాబోయే రోజుల గురించి చేదు వాక్యాలు వాటంతట అవే వచ్చి పడుతున్నాయి. వాటిని పట్టుకుని, నిజమో కాదో సాక్ష్యాలతో పరీక్షించడం నేర్పారు. ఆలోచనలనూ, చేతలనూ మార్చే సీబీటీ అనే థెరపీలో ఆలోచనల భాగం అక్కడే పుట్టింది. దాన్ని "పాజిటివ్‌గా ఆలోచించు" అనే సలహాతో కలిపేయకండి, ఆ సలహా డిప్రెషన్‌లో ఉన్న మనిషికి పుండు మీద కారం. రెండో రకం కట్టెలు చేతల్లో ఉంటాయి. మనసు బాలేదని పనులు మానేస్తాం, పనులు మానేసినందుకు సంతోషమిచ్చేవేవీ మిగలవు, దాంతో మనసు ఇంకా కుంగుతుంది. ఉత్సాహం వచ్చాక లేద్దామని మంచం మీదే ఉంటే ఉత్సాహం రాదు. లేచి పది నిమిషాలు నడిస్తే, ఆ తర్వాత కొద్దిగా వస్తుంది. 1996లో నీల్ జేకబ్సన్ బృందం సీబీటీని ముక్కలు చేసి పరీక్షిస్తే, పనులను తిరిగి మొదలుపెట్టించే ఈ ఒక్క భాగమే మొత్తం థెరపీతో సమానంగా పనిచేసింది. మీ తమ్ముడి విషయంలో ఇది గుర్తుంచుకోండి: స్నానం తర్వాత రోజంతా ఖాళీగా ఉంటే ఓసీడీకి చోటు ఇంకా పెరుగుతుంది.

ఏదైనా దారుణం అనుభవించాక పీడకలలూ, ఆ ఘటన మళ్ళీ కళ్ళముందు జరిగినట్లు అనిపించడమూ నెల దాటినా తగ్గకపోతే పీటీఎస్‌డీ అంటాం. అక్కడ జ్ఞాపకాన్ని తప్పించుకోవడమే కట్టెలు. ఎడ్నా ఫోవా తీర్చిదిద్దిన పద్ధతిలో సురక్షితమైన చోట ఆ జ్ఞాపకాన్ని పదే పదే చెప్పిస్తారు. ఫ్రాన్సిన్ షాపిరో 1987 నుంచి అభివృద్ధి చేసిన ఈఎండీఆర్‌లో జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని కళ్ళను అటూ ఇటూ కదిలిస్తారు. ఘటన జరిగిన మొదటి రోజుల్లోనే అందరినీ కూర్చోబెట్టి బలవంతంగా అదంతా చెప్పించడం మాత్రం మేలు చేయదు. ఇంటికి వచ్చే పరామర్శల్లో చాలావరకు జరిగేది అదే, దయచేసి మానుకోవాలి.

భావాలు ఉప్పెనలా వచ్చి తమను తాము గాయపరచుకునే వాళ్ళకు మార్షా లినెహన్ డీబీటీ అనే పద్ధతిని తయారు చేశారు. మారమని చెప్పడం, ఉన్నట్లుగా ఒప్పుకోవడం, రెంటినీ ఒకేసారి చేయడం దాని ఆయువుపట్టు. తాను కూడా చిన్న వయసులో అలాంటి బాధతోనే ఆసుపత్రిలో ఉన్నానని ఆమె 2011లో బయటపెట్టారు. ఆ ఒక్క మాట ఎంతమందికి ఊపిరి పోసిందో నేను కళ్ళారా చూశాను.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో థెరపీ ముందు వరుసలో ఉంటుంది. మందులు ముందుండాల్సిన జబ్బులూ ఉన్నాయి. స్కిజోఫ్రీనియాలో ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, ఎవరో తన మీద కుట్ర చేస్తున్నారని గట్టిగా నమ్మడం ఉంటాయి. 1952లో క్లోర్‌ప్రొమజైన్ వాడటం మొదలయ్యాక దాని చరిత్రే మారిపోయింది. బైపోలార్‌లో ఒక దశలో మనిషి కుంగిపోతాడు, ఇంకో దశలో వారం పైగా నిద్ర లేకుండా ఉరకలేస్తాడు, ఉన్న డబ్బంతా ఖర్చు పెట్టేస్తాడు. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ 1949లో లిథియం పనితనం గుర్తించారు, ఈనాటికీ అది ముఖ్యమైన మందే. రక్తంలో దాని మోతాదునూ, కిడ్నీలనూ, థైరాయిడ్‌నూ క్రమం తప్పకుండా చూసుకుంటూ వాడాలి. బైపోలార్ ఉన్న మనిషికి డిప్రెషన్ అనుకుని ఉత్త డిప్రెషన్ మందు ఇస్తే ఉరకల దశ విరుచుకుపడే ప్రమాదం ఉంది. అందుకే "ఎప్పుడైనా నాలుగైదు రోజులు నిద్ర అక్కర్లేనంత హుషారుగా ఉన్నారా?" అని డాక్టరు అడిగితే తేలిగ్గా తీసుకోవద్దు, ఇంట్లో వాళ్ళే గుర్తుచేసుకుని చెప్పాలి.

ఈ జబ్బుల్లో కూడా ఇంటి పాత్ర చిన్నది కాదు. లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950లలో మొదలుపెట్టిన పరిశోధనల్లో ఒక విషయం బయటపడింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళిన స్కిజోఫ్రీనియా రోగుల్లో, అస్తమానం విమర్శించే ఇళ్ళకూ, అతిగా పట్టించుకుని ఊపిరాడనివ్వని ఇళ్ళకూ వెళ్ళినవాళ్ళకు జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. కుటుంబం వల్ల జబ్బు వచ్చిందని దీనర్థం కాదు. ఇంట్లో మాట తీరు మారితే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని అర్థం. ఇంటిల్లిపాదికీ కూర్చోబెట్టి నేర్పితే అది నిజంగానే తగ్గుతోంది.

మందుల గురించి మీ భయానికి వస్తాను. ఓసీడీకి ఎక్కువగా ఇచ్చేవి ఫ్లుయోక్సెటిన్, ఫ్లువోక్సమిన్, సెర్ట్రలిన్ లాంటివి. డిప్రెషన్‌కు కూడా ఇవే ఇస్తారు కాబట్టి మొదటి డాక్టరు రాసిన మందు వృథా అయి ఉండదు. తేడా ఎక్కడంటే, ఓసీడీకి మోతాదు తరచూ ఎక్కువ కావాలి, ఓపిక కూడా ఎక్కువ కావాలి. డిప్రెషన్‌లో రెండు నుంచి నాలుగు వారాల్లో కాస్త మార్పు తెలుస్తుంది, ఓసీడీలో పది పన్నెండు వారాలు చూడాలి. మూడో వారంలో "పనిచేయడం లేదు" అని ఆపేసి ఇంకో డాక్టరును వెతుక్కునేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. మొదట్లో వికారం, కడుపులో తేడా, నిద్రలో తేడా ఉండొచ్చు, చాలామందికి రెండు వారాల్లో సర్దుకుంటాయి. లైంగిక కోరిక తగ్గడం మాత్రం ఉండిపోవచ్చు. సిగ్గుపడి మందు మానేయకుండా డాక్టరుకు చెప్పమనండి, దానికి మార్గాలున్నాయి. 25 ఏళ్ళ లోపు వాళ్ళకు మొదటి కొన్ని వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని ఈ మందుల సమాచార పత్రాల్లో హెచ్చరిక ఉంటుంది. మీ తమ్ముడికి 24 కాబట్టి ఆ రోజుల్లో కుదురు లేకపోవడం, చిరాకు కనిపిస్తే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి.

జీవితాంతం వాడాలా అంటే, చాలామందికి అక్కర్లేదు. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కు తగ్గాక కనీసం ఆరు నెలలు, ఓసీడీకి కనీసం ఏడాది వాడి, డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. టక్కున ఆపితే తల తిరగడం, ఒంట్లో కరెంటు తగిలినట్లు అనిపించడం జరుగుతుంది. దాన్ని చూసి ఇది వ్యసనమైందనుకుంటారు, కాదు. వ్యసనమయ్యేవి అల్ప్రజోలం, క్లోనజెపం లాంటివి. టెన్షన్ వెంటనే తగ్గిస్తాయి కాబట్టి అవంటేనే అందరికీ ఇష్టం. కొద్ది రోజులకు డాక్టరు రాస్తే వాడొచ్చు, పాత చీటీ చూపించి ఏడాది పొడవునా కొనుక్కోవడం మాత్రం వద్దు. ఈఆర్‌పీ చేసేటప్పుడు అవి అడ్డం కూడా. భయాన్ని ముందే మొద్దుబార్చేస్తే దాన్ని తట్టుకోగలనని తెలుసుకునేదెలా? స్కిజోఫ్రీనియాకూ బైపోలార్‌కూ అయితే చాలామంది ఏళ్ళ తరబడి వాడాల్సి వస్తుంది, బీపీ మందులాగే.

మీ తమ్ముడంత తీవ్రంగా ఉన్నప్పుడు నా ఓటు రెండింటికీ కలిపి: సైకియాట్రిస్టు మందులు, సైకాలజిస్టు ఈఆర్‌పీ. సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు మొహమాటపడకుండా అడగండి: ఓసీడీకి ఈఆర్‌పీ చేస్తారా, ఇంతకుముందు చేశారా, ఇంటికి పని ఇస్తారా, ఎన్ని సెషన్ల తర్వాత బాగవుతోందో లేదో చూస్తారు? మామూలుగా 12 నుంచి 20 సెషన్లు పడుతుంది. చిన్నప్పటి సంగతులు మాట్లాడుకుంటూ ఆర్నెల్లు గడిచినా తలుపు పిడి ప్రస్తావనే రాకపోతే అది ఓసీడీకి తగిన థెరపీ కాదు, ఆ మనిషి ఎంత మంచివారైనా సరే. మంచితనం అక్కర్లేదని కాదు. రోగికీ థెరపిస్టుకూ మధ్య నమ్మకం కుదరడం ఫలితాన్ని బలంగా మారుస్తుంది, అది ఏ పద్ధతికైనా వర్తిస్తుంది. కానీ ఓసీడీలో ఆ నమ్మకం, రోగిని పిడి దాకా నడిపించడానికి ఉపయోగపడాలి.

ఇంకొక ముఖ్యమైన మాట. దిగులు ఇంత ఉన్నప్పుడు "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని మీరు సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని భయపడతారు, అలా జరగదు. అడిగితే బరువు దిగినట్లు ఏడ్చేవాళ్ళే ఎక్కువ. అవునంటే, ఎలా చేసుకోవాలో కూడా ఆలోచించుకున్నాడని తెలిస్తే, థెరపీ అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. అతన్ని ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇక మీ వంతు. అతను నెమ్మదిగా ఉన్న సమయం చూసి, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. నువ్వు అడిగినప్పుడు నేను చెప్పే జవాబు నీ జబ్బును పెంచుతోందట, ఇద్దరం కలిసి తగ్గిద్దామా అని అతన్నే అడగండి. అతను ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. మొదటి వారం రోజుకు పదిసార్లు మాత్రం జవాబు, రెండో వారం ఐదు, అలా. థెరపిస్టు దొరికాక ఆ లెక్క వాళ్ళతో కలిసి వేసుకోవచ్చు. కోటా అయిపోయాక మళ్ళీ వచ్చి అడుగుతాడు, బతిమాలతాడు, కోప్పడతాడు కూడా. అప్పుడు తిట్టకండి, లెక్చర్ ఇవ్వకండి, విననట్లు లోపలికి వెళ్ళిపోకండి. నేను కుటుంబాలకు నేర్పే మాటలు ఇవి, మీ నోటికి తగ్గట్లు మార్చుకోండి: "అడుగుతున్నది నువ్వు కాదురా, ఓసీడీ. చెప్తే నీకు ఐదు నిమిషాలే హాయి. చెప్పను, కానీ ఇక్కడే నీ పక్కనే కూర్చుంటాను." చెప్పి, నిజంగానే కూర్చోండి. మొదటి రోజు గంట పట్టొచ్చు.